ఎలక్ట్రిక్ కారు ఎక్కడ మొరాయిస్తుంది, రిపేరు ఎందుకు కష్టం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో "పెద్ద బ్యాటరీ" అంటే కారును నడిపే హై వోల్టేజీ ప్యాక్. "చిన్న బ్యాటరీ" అంటే లైట్లు, తాళాలు, కంప్యూటర్లకు కరెంటిచ్చే 12 వోల్టుల బ్యాటరీ. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటంతోనే సగం గందరగోళం మొదలవుతుంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాం.

## ఎలక్ట్రిక్ కారు పెట్రోలు కారు కంటే తక్కువ పాడవుతుందా?

ఇంజిన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్టు, క్లచ్, సైలెన్సర్ ఉండవు. వాటితో వచ్చే తలనొప్పులూ ఉండవు. మోటారు, పెద్ద బ్యాటరీ చాలా బళ్ళలో ఏళ్ళ తరబడి చెయ్యి పెట్టాల్సిన అవసరం లేకుండానే నడుస్తాయి.

కానీ పాడయ్యే చోటు మారింది. చిన్న బ్యాటరీ, దాన్ని ఛార్జ్ చేసే కన్వర్టర్, ఛార్జింగ్ పోర్టు, కనెక్టర్లు, కూలెంట్ పంపులు, సాఫ్ట్‌వేర్: బండి ఆగిపోయిందంటే ముందుగా అనుమానించాల్సినవి ఇవి. అసలు చిక్కు ఎన్నిసార్లు పాడవుతుందన్నది కాదు, పాడైనప్పుడు ఎవరు బాగుచేస్తారన్నది. రూపాయి సీలు పోయినా బండి అడుగునున్న ప్యాక్ దించాల్సి రావచ్చు. ఫాల్టు ఎక్కడుందో తేల్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోనే ఉండొచ్చు. అందుకే కొనేముందు మోడల్ ఎంత మన్నికైనదో చూసినంత శ్రద్ధగా, దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌లో ప్యాక్ దించి తెరిచే మనుషులు, లిఫ్టు ఉన్నాయో లేదో కూడా కనుక్కోండి.

## పెద్ద బ్యాటరీలో 70 శాతం ఛార్జ్ ఉంది. అయినా పొద్దున డోరు కూడా తెరుచుకోవడం లేదు. ఏమైంది?

నూటికి తొంభై పాళ్ళు చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు బయటికి రావాలంటే ప్యాక్ లోపల కాంటాక్టర్లనే పెద్ద రిలేలు మూసుకోవాలి. వాటిని మూయించేది 12 వోల్టులు. అది లేకపోతే 400 వోల్టులు లోపలే బందీ.

పెట్రోలు కారులో సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ నీరసం చెవికి తెలుస్తుంది. ఇక్కడ సెల్ఫ్ మోటారు లేదు, ఆ ముందస్తు హెచ్చరికా లేదు. ఒకరోజు స్క్రీన్ మీద ఒకదానితో ఒకటి పొంతన లేని పది వార్నింగులు కనిపిస్తాయి: బ్రేకు, స్టీరింగ్, ఎయిర్ బ్యాగ్, అన్నీ ఒకేసారి. మర్నాటికి బండి మూగబోతుంది. అలా అన్ని దీపాలూ కలిసి వెలిగితే ముందు చిన్న బ్యాటరీని కొలవండి, మిగతావి తర్వాత.

కొలిచే పద్ధతి:

1. కారు లాక్ చేసి, తాళం దూరంగా పెట్టి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా కనీసం గంట ఆగండి. బానెట్ ముందే తెరిచి ఉంచండి. తర్వాత తెరిస్తే మళ్ళీ లేస్తాయి.
2. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి టెర్మినళ్ళ మీద ఆనించండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ.
3. ఇప్పుడు కారు ఆన్ చేసి "రెడీ" వచ్చాక మళ్ళీ చూడండి. 13.5 నుంచి 14.8 మధ్య ఉండాలి. 12.5 దగ్గరే ఆగిపోతే చిన్న బ్యాటరీ తప్పు కాదు. దాన్ని ఛార్జ్ చేసే డీసీ–డీసీ కన్వర్టరో దాని ఫ్యూజో పోయింది.

ఈ అంకెలు లెడ్ యాసిడ్ బ్యాటరీలవి. కొన్ని కొత్త కార్లలో చిన్న బ్యాటరీ కూడా లిథియందే. దాని వోల్టేజీలు వేరు, దాని బదులు మామూలు బ్యాటరీ పెట్టకూడదు.

దారిలో ఆగితే 12 వోల్టుల జంప్ స్టార్టర్‌తో లేపవచ్చు. ప్లస్, మైనస్ ఎక్కడ తగిలించాలో యజమాని పుస్తకంలో ఉంటుంది. బానెట్ తెరవడానికే కరెంటు కావాల్సిన బళ్ళలో ముందు బంపరు దగ్గరో ఫ్యూజు బాక్సు దగ్గరో రెండు తీగలు బయటికి ఇస్తారు. కానీ మీ ఎలక్ట్రిక్ కారుతో వేరే కారుకు జంప్ ఇవ్వకండి. చాలా కంపెనీలు వద్దంటాయి. ఎదుటి కారు సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లకు డీసీ–డీసీ కన్వర్టర్ తట్టుకోలేదు.

## కొత్త చిన్న బ్యాటరీ వేయించినా నెలలోపే మళ్ళీ పడిపోయింది. ఎందుకు?

ఏదో ఒకటి దాన్ని రాత్రంతా తాగేస్తోంది, లేదంటే దానికి సరిగా ఛార్జింగ్ అందడం లేదు.

మొదటిదానికి ఎక్కువగా మన చేతులారా చేసుకున్నవే కారణం. ఓబీడీ పోర్టులో (ఫాల్టు కోడ్‌లు చదివే సాకెట్) వదిలేసిన బ్లూటూత్ డాంగిల్, పార్కింగ్‌లోనూ రికార్డు చేసే డ్యాష్‌క్యామ్, పది నిమిషాలకోసారి కారును పలకరించే మొబైల్ యాప్. యాప్ అడిగిన ప్రతిసారీ కారులోని కంప్యూటర్లు నిద్ర లేస్తాయి. పూర్తిగా నిద్రపోయిన కారు చిన్న బ్యాటరీ నుంచి దాదాపు 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మాత్రమే లాగాలి. అర ఆంపియరు లాగుతోందంటే ఏదో మేలుకొని ఉంది. డాంగిల్, డ్యాష్‌క్యామ్ తీసేసి, యాప్ లాగౌట్ చేసి రెండు రోజులు చూడండి. డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇదే.

రెండోదానికి పేరున్న ఉదాహరణ హ్యుందాయ్, కియా కార్లలోని ఐసీసీయూ. ఇంటి ఛార్జింగ్, చిన్న బ్యాటరీ ఛార్జింగ్ రెండూ చూసే ఒకే పెట్టె అది. అందులోని ట్రాన్సిస్టర్లు దెబ్బతిని చిన్న బ్యాటరీకి ఛార్జింగ్ ఆగిపోతోందని 2024లో అయానిక్ 5, అయానిక్ 6, ఈవీ6, జెనెసిస్ మోడళ్ళను రీకాల్ చేశారు. నడుస్తూ ఉండగానే బలం తగ్గి బండి ఆగిపోయే ఫాల్టు ఇది. ఆ కార్లున్నవాళ్ళు ఛాసిస్ నంబరుతో రీకాల్ పూర్తయిందో లేదో చూసుకోవాలి.

ఇవేవీ లేకపోయినా లెడ్ యాసిడ్ చిన్న బ్యాటరీని మూడు నుంచి అయిదేళ్ళలో మార్చేయడమే మేలు. చచ్చేదాకా ఆగడం ఇక్కడ పొదుపు కాదు.

## పెద్ద బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది?

చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, ఆలోపు సామర్థ్యం 70 శాతం కంటే కిందికి పడితే బాగుచేస్తామంటాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల వేదిక 2022లో తెచ్చిన 22వ ప్రపంచ సాంకేతిక నియమం కూడా ఇంచుమించు ఇదే గీత గీసింది: 5 ఏళ్ళు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లకు 70 శాతం.

వారంటీ కాగితంలో ఒక్క మాట జాగ్రత్తగా చదవండి. 70 శాతానికి పడితే కొత్త ప్యాక్ ఇస్తారని కాదు. 70 శాతానికి పైకి వచ్చేలా చేస్తామని మాత్రమే చాలా చోట్ల రాసి ఉంటుంది. అంటే ఒకటి రెండు మాడ్యూళ్ళు (ప్యాక్‌లోని సెల్లుల పెట్టెలు) మార్చి ఇచ్చేయవచ్చు, బాగుచేసిన పాత ప్యాక్ పెట్టనూ వచ్చు.

బ్యాటరీని తినేసేవి రెండు: వేడి, నిండు ఛార్జ్‌తో ఎక్కువ కాలం ఊరికే నిలబెట్టడం. మొదటి రెండు తరాల నిస్సాన్ లీఫ్ ప్యాక్‌కు ద్రవంతో చల్లార్చే ఏర్పాటు లేదు. వేడి ప్రాంతాల్లో తొలి లీఫ్‌ల సామర్థ్యం త్వరగా పడిపోవడానికి అదే ముఖ్య కారణం. నికెల్ రకం సెల్లులున్న కారును రోజువారీ 80 శాతం దగ్గర ఆపడం మంచిది. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకమైతే వారానికోసారి 100 దాకా పెట్టమని కంపెనీలే చెబుతాయి. ఎల్ఎఫ్‌పీ సెల్లు వోల్టేజీ మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది కాబట్టి నిండినప్పుడు తప్ప మీటరుకు తన లెక్క సరిచూసుకునే అవకాశం దొరకదు. ఆ పని చేయకపోతే 15 శాతం చూపిస్తూనే బండి ఆగిపోవచ్చు.

తయారీ లోపం వేరే సంగతి. షెవర్లే బోల్ట్‌లో ఒకే సెల్లులో చిరిగిన యానోడ్ ట్యాబ్, మడతపడ్డ సెపరేటర్ రెండూ కలిస్తే మంటలు వచ్చే ప్రమాదం ఉందని 2021లో అప్పటిదాకా చేసిన బోల్ట్‌లన్నిటినీ, అంటే దాదాపు 1,40,000 కార్లను, రీకాల్ చేశారు. ఇలాంటి లోపాన్ని యజమాని వాడకంతో తప్పించలేడు. రీకాల్ నోటీసు వస్తే పక్కన పడేయకండి.

## బ్యాటరీ ఆరోగ్యాన్ని నేనే ఎలా కొలవగలను?

ముతక లెక్క ఇంట్లోనే కట్టొచ్చు. ఛార్జర్‌కు యూనిట్లు చూపించే మీటరు ఉండాలి. ఉదాహరణకు 40 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) ప్యాక్. 20 నుంచి 80 శాతం దాకా ఎక్కించారు, మీటరు 24 యూనిట్లు తిరిగింది. ఏసీ ఛార్జింగ్‌లో దాదాపు పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి లోపలికి వెళ్ళింది 21.6. ఇది 60 శాతానికి సరిపోయిన మొత్తం, కాబట్టి పూర్తి సామర్థ్యం 36. అంటే 90 శాతం ఆరోగ్యం. నాలుగైదు శాతం అటూ ఇటూ అవుతుంది. ఒకే వాతావరణంలో రెండు మూడుసార్లు చేసి సగటు తీసుకోండి.

కచ్చితంగా కావాలంటే ఓబీడీ డాంగిల్, కార్ స్కానర్ లాంటి యాప్, లీఫ్‌కైతే లీఫ్ స్పై. అందులో కనిపించే ఆరోగ్య శాతం కంటే సెల్లుల మధ్య వోల్టేజీ తేడాను చూడటం మాకు ఎక్కువ నమ్మకం. సగం ఛార్జ్‌లో, బండి ఆగి ఉండగా అత్యధిక, అత్యల్ప సెల్లుల మధ్య 10–20 మిల్లీ వోల్టుల తేడా మామూలే. తర్వాత 20 శాతం లోపు ఛార్జ్‌లో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కి చూడండి, పక్క సీటులో ఇంకొకరు చదవాలి. ప్రతిసారీ ఒకే నంబరు సెల్లు మిగతావాటి కంటే 100 మిల్లీ వోల్టులకు పైగా కిందికి జారితే బలహీనమైన సెల్లు అదే. ఆ తెరను ఫొటో తీసి, తేదీ, కిలోమీటర్లతో దాచుకోండి. వారంటీ గొడవలో పనికొచ్చేది అదే.

## ఒక్క సెల్లు పోతే ప్యాక్ మొత్తం మార్చాల్సిందేనా?

సాంకేతికంగా అక్కర్లేదు. కానీ చాలాసార్లు అదే జరుగుతుంది.

400 వోల్టుల ప్యాక్‌లో 96కు అటూ ఇటూగా సెల్లు గ్రూపులు వరుసగా ఉంటాయి. వరుసలో ఒక్కటి 3 వోల్టులకు పడితే మిగతా 95 గ్రూపులు 3.5 దగ్గర హాయిగా ఉన్నా బండి ఆగుతుంది, ఎందుకంటే వాటన్నిటిలో పారేది ఒకే కరెంటు. ఆ ఒక్క గ్రూపున్న మాడ్యూల్ మారిస్తే చాలు. అయితే కొత్త మాడ్యూల్ సామర్థ్యం పాతవాటితో సరిపోవాలి, బిగించేముందు దాని వోల్టేజీని మిగతావాటికి కొన్ని పదుల మిల్లీ వోల్టుల తేడాలోకి తేవాలి. ఈ పని చేయకుండా బిగిస్తే ఆరు నెలల్లో మళ్ళీ అదే ఫాల్టు. ప్యాక్ మూశాక గాలి ఎక్కించి లీకు పరీక్ష చేయడం ఇంకా ముఖ్యం. పాత గ్యాస్కెట్‌నే మళ్ళీ వాడి మూసిన ప్యాక్‌లోకి తేమ చేరుతుంది.

సెల్లులను నేరుగా ప్యాక్‌లో జిగురుతో, నురగతో అతికించేసిన కొత్త డిజైన్లలో విడి మాడ్యూళ్ళే ఉండవు. తయారీలో చవక, రిపేరులో శిక్ష. ఇలాంటి కారు కొనేవాళ్ళు వారంటీ గడువును గట్టిగా లెక్కలోకి తీసుకోవాలి.

## రేంజ్ ఒక్కసారిగా 20 శాతం తగ్గింది. బ్యాటరీ పోయినట్టేనా?

బ్యాటరీ నిదానంగా తగ్గుతుంది, ఒక్కసారిగా కాదు. చలి, హీటరు, టైర్ల గాలి, వేగం, పట్టేసిన బ్రేకు చూడండి. బండి నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి, ముట్టుకోకుండా, వేడి పోల్చండి. ఒకటే కాలుతోందంటే ఆ కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) వదలడం లేదు. ఇవన్నీ బాగుండి, శాతం మెట్లు మెట్లుగా, 30 నుంచి ఒక్కసారి 12కు దూకుతోందంటే అప్పుడు సెల్లుల తేడా చూడాలి.

## ప్లగ్ పెడితే ఛార్జింగ్ మొదలవడం లేదు. కారుదా, ఛార్జర్‌దా తప్పు?

ముందు ఇంకో ఛార్జర్ దగ్గర ప్రయత్నించండి, అక్కడే సగం తేలిపోతుంది. ఏసీ (ఇంటి నెమ్మది ఛార్జింగ్) అవుతూ డీసీ (ఫాస్ట్ ఛార్జింగ్) అవకపోతే, ఏసీని డీసీగా మార్చే కారులోని ఆన్ బోర్డ్ ఛార్జర్ బాగున్నట్టే. డీసీ కాంటాక్టర్లు గానీ ఛార్జర్‌తో సంభాషణ గానీ చూడాలి. డీసీ అవుతూ ఏసీ అవకపోతే ఆన్ బోర్డ్ ఛార్జర్ మీద అనుమానం.

ఏసీ ప్లగ్గులో కంట్రోల్ పైలట్ అనే సన్నటి పిన్ను ఉంటుంది. ప్లగ్ పెట్టకముందు దాని మీద 12 వోల్టులు, పెట్టాక 9, కారు "కరెంటు ఇవ్వు" అన్నాక 6. దాని మీదే సెకనుకు వెయ్యిసార్లు వచ్చే పల్సు వెడల్పు ఎన్ని ఆంపియర్లు లాగొచ్చో చెబుతుంది: 10 శాతమైతే 6 ఆంపియర్లు, 53 శాతానికి కాస్త పైన 32. ఈ పిన్ను మీద మట్టి, పచ్చతుప్పు చేరితే వోల్టేజీ 9కీ 6కీ మధ్య ఊగుతుంది, ఛార్జింగ్ మొదలై ఆగుతుంది. మెయిన్స్ ఆపి, ప్లగ్ తీసి, పొడి బ్రష్‌తో, కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేయండి. గ్రీజు పెట్టకండి.

టైప్ 2 (ఏసీ ఛార్జింగ్‌కు వాడే ప్లగ్ రకం) కేబుల్‌లోపల కేబుల్ మందాన్ని చెప్పే రెసిస్టర్ ఉంటుంది: 220 ఓములైతే 32 ఆంపియర్లు, 680 అయితే 20. కేబుల్ మార్చాక ఛార్జింగ్ నెమ్మదించిందని చాలామంది కారును తిడతారు. కొన్నది 20 ఆంపియర్ల కేబుల్ అయి ఉంటుంది.

ఫాస్ట్ ఛార్జర్ దగ్గర చిన్న కిటుకు: బరువైన కేబుల్‌కు ఛార్జింగ్ గన్ (కారులో పెట్టే ప్లగ్గు) కిందికి వాలి పిన్నులు సరిగా ఆనవు. లాక్ పడేదాకా చేత్తో పైకెత్తి, లోపలికి నొక్కి పట్టుకోండి. మధ్యలో వేగం తగ్గితే ప్రతిసారీ ఫాల్టు కాదు. 80 శాతం దాటాక, బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు, పక్క కారు అదే ఛార్జర్‌ను పంచుకున్నప్పుడు తగ్గుతుంది. పోర్టులోని ఉష్ణోగ్రత సెన్సర్ వేడి చూసి కూడా తగ్గిస్తుంది. ప్రతి ఛార్జర్ దగ్గరా ఇలాగే జరిగితే పోర్టు పిన్నులు నల్లబడ్డాయేమో చూడండి. నల్లబడిన పిన్నును గీకి వాడొద్దు. పోర్టు మార్చాలి, లేకపోతే మంచి ఛార్జర్ల ప్లగ్గులను కూడా అది పాడుచేస్తుంది.

ప్లగ్ ఇరుక్కుపోతే లాగకండి. కారు అన్‌లాక్ చేసి, నిమిషం ఆగి మళ్ళీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో డిక్కీ పక్క గోడలోనో బానెట్ కిందనో లాగే తాడు ఉంటుంది.

## ఇంట్లో సాకెట్ కరిగింది. తప్పు ఎక్కడ?

సాకెట్ మీద 16 ఆంపియర్లని రాసి ఉండొచ్చు, కానీ అది గీజరులా అరగంట వాడకానికి సరిపోతుంది. కారు అదే కరెంటును ఎనిమిది గంటలు ఆపకుండా లాగుతుంది. టెర్మినల్ స్క్రూ కాస్త లూజుగా ఉన్నా అక్కడే వేడి పుట్టి, వేడికి ఇంకా లూజై, చివరికి కరుగుతుంది.

మామూలు సాకెట్‌తోనే గడపాలంటే కారు సెట్టింగ్స్‌లో 10 ఆంపియర్లకు తగ్గించండి, ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి, మొదటి గంట తర్వాత ప్లగ్‌ను తాకి చూడండి. వెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు నిలవకపోతే ఆపేయండి. 32 ఆంపియర్ల ఛార్జర్‌కు మెయిన్ బోర్డు నుంచి నేరుగా విడి లైను, సాధారణంగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైతే 10. ఎర్త్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగ్‌కు ఒప్పుకోవు. ఆ మొండితనం మీ ప్రాణం కోసమే. లీకేజీ బ్రేకరు డీసీ లీకేజీని కూడా పట్టేదై ఉండాలి. టైప్ బీ గానీ, ఛార్జర్‌లో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ సెన్సర్ ఉంటే టైప్ ఏ గానీ సరిపోతుంది.

## "ఇన్సులేషన్ ఫాల్ట్" అని వస్తోంది. వర్షం తగ్గాక పోతోంది. నడపొచ్చా?

నడిపి తప్పించుకునే రకం కాదు. హై వోల్టేజీ తీగలకూ కారు బాడీకీ మధ్య అడ్డుగోడ సన్నబడిందని దాని అర్థం. కోడ్ రీడరులో సాధారణంగా పీ0ఏఏ6 అని కనిపిస్తుంది. మోటారు వైపు కలిపి కొలిచేటప్పుడు నియమాల ప్రకారం వోల్టుకు కనీసం 500 ఓములు ఉండాలి, అంటే 400 వోల్టుల కారులో 2 లక్షల ఓములు. బాగున్న బండిలో ఇది మెగా ఓముల్లో ఉంటుంది. ఒక్క ఫాల్టుతో షాక్ కొట్టకపోవచ్చు. రెండో చోట కూడా పోతే అప్పుడు బాడీలో కరెంటు పారుతుంది.

ఎప్పుడొస్తోందో రాసి పెట్టుకుంటే మెకానిక్ పని సగం మీరే చేసినట్టు. వర్షంలోనో కడిగాకో వస్తే ఛార్జింగ్ పోర్టు, అడుగు కనెక్టర్లు. ఛార్జింగ్‌లో మాత్రమే వస్తే ఆన్ బోర్డ్ ఛార్జర్. హీటరు వేసినప్పుడైతే క్యాబిన్‌ను వేడిచేసే పీటీసీ హీటరు. ఏసీ వేసినప్పుడైతే కంప్రెసర్.

కంప్రెసర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని తెచ్చిపెట్టేది రిపేరే. ఎలక్ట్రిక్ కంప్రెసర్‌లో 400 వోల్టుల చుట్టలు నేరుగా గ్యాసులో, ఆయిల్‌లో మునిగి ఉంటాయి. అందులో కరెంటును పారనివ్వని పీఓఈ రకం ఆయిల్ వాడాలి. మామూలు కార్లలో వాడే పీఏజీ ఆయిల్ తేమ పీల్చి కరెంటును పారనిస్తుంది. పాత గ్యాసు మెషీన్ గొట్టాల్లో మిగిలిన పీఏజీ కొద్దిగా చేరినా ఇన్సులేషన్ పడిపోవచ్చు, కంప్రెసరే కాదు పైపులూ కడగాల్సి రావచ్చు. గ్యాసు నింపించే ముందు "ఎలక్ట్రిక్ కార్లకు విడి గొట్టాలున్నాయా, ఏ ఆయిల్ వేస్తారు?" అని అడగండి. సమాధానం తడబడితే వెనక్కి వచ్చేయండి.

పట్టుకునే పద్ధతి ఇది: శిక్షణ ఉన్నవాళ్ళు ప్యాక్‌ను విడదీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా పుస్తకం చెప్పినంత సేపు, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు, ఆగి, వోల్టేజీ 60 కంటే తక్కువని కొలిచి, ఆపై కంప్రెసర్, హీటరు, ఛార్జర్, బ్యాటరీ డీసీని మోటారుకు ఏసీగా మార్చే ఇన్వర్టర్‌లను ఒక్కొక్కటిగా ఊడదీసి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) కొలుస్తారు. ఊడదీయకుండా నేరుగా మెగ్గర్ పెడితే లోపలి ఎలక్ట్రానిక్స్ పోతాయి. "ప్యాక్ మార్చాలి" అన్న మాట ఈ కొలతల తర్వాతే నమ్మదగింది.

## కూలెంట్ తగ్గితే నీళ్ళు పోయవచ్చా?

వద్దు. కొన్ని కార్లలో బ్యాటరీ వైపు కరెంటు చాలా తక్కువగా పారే ప్రత్యేక కూలెంట్ ఉంటుంది. దాంట్లో మామూలు ఆకుపచ్చ కూలెంటో కుళాయి నీళ్ళో కలిస్తే ఆ గుణం పోతుంది. పైగా వ్యవస్థలో చాలా వంపులు, వాల్వులు, పంపులు ఉంటాయి. గాలి ఇరుక్కుంటే పంపు ఒట్టిగా తిరిగి కాలుతుంది. అందుకే వర్క్‌షాపులో వ్యాక్యూమ్‌తో నింపి, స్కానర్‌తో పంపులను తిప్పి గాలి తీస్తారు. బయట మరక లేకుండా మట్టం తగ్గుతూ ఉంటే ఇంకా అనుమానించాలి: ప్యాక్‌లోపలికో మోటారులోకో కారుతూ ఉండొచ్చు.

## వేగంతో పాటు గుర్రుమనే శబ్దం పెరుగుతోంది. మోటారా?

యాక్సిలరేటర్ వదిలినప్పుడు, తొక్కినప్పుడు శబ్దం మారితే మోటారు లేదా గేర్‌బాక్సు బేరింగు. వంపు తిరిగేటప్పుడు మారితే చక్రం బేరింగు. తొక్కి వదిలిన క్షణంలో "టిక్" మంటే యాక్సిల్ స్ప్లైన్లు (యాక్సిల్ చివరి పళ్ళ గాట్లు), చాలాసార్లు గ్రీజుతో పోతుంది.

మోటారు బేరింగులు పోవడానికి ఇన్వర్టర్ కూడా కారణం. దాని వేగమైన స్విచింగ్ వల్ల షాఫ్టు మీద చిన్న వోల్టేజీ పోగై, బేరింగు గుండ్ల మీదుగా దూకి, లోపలి ట్రాక్ మీద చిన్న చిన్న గుంటలు చేస్తుంది. కొన్ని కంపెనీలు దీన్ని తప్పించడానికి షాఫ్టుకు ఎర్తింగ్ రింగు పెడతాయి. గేర్‌బాక్సు ఆయిల్ జీవితకాలానికి సరిపోతుందని రాసినా, ఒక లీటరు నుంచి లీటరున్నర పట్టే ఆ ఆయిల్‌ను లక్ష కిలోమీటర్లలోపు ఒకసారి మార్చడం దండగేమీ కాదు.

## బ్రేకులు వాడేదే తక్కువ కదా, వాటికి సర్వీసెందుకు?

వాడకపోవడమే జబ్బు. మోటారే బండిని ఆపుతుంటే డిస్కులు తుప్పుపడతాయి, కాలిపర్ పిన్నులు పట్టేస్తాయి. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద రీజెన్ (మోటారుతోనే బండిని ఆపే ఏర్పాటు) తగ్గించి నాలుగైదుసార్లు గట్టిగా తొక్కండి. ఏడాదికోసారి పిన్నులకు సిలికాన్ గ్రీజు, రెండేళ్ళకోసారి బ్రేక్ ఆయిల్.

టైర్లు బరువుకూ మోటారు లాగుడుకూ త్వరగా అరుగుతాయి. 10,000 కిలోమీటర్లకోసారి స్థానాలు మార్చండి. కొత్తవి వేసేటప్పుడు లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు.

## కారు వరదలో మునిగింది. ఆరాక నడపొచ్చా?

ఆన్ చేయకండి, ఛార్జింగ్ పెట్టకండి. ప్యాక్‌కు ఐపీ67 ఉందంటే మీటరు లోతు మంచినీళ్ళలో అరగంట తట్టుకుందని కొత్తలో చేసిన పరీక్ష. పాతబడిన గ్యాస్కెట్‌కూ ఉప్పునీళ్ళకూ అది హామీ కాదు. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో సముద్రపు నీళ్ళు చేరిన ఎలక్ట్రిక్ కార్లు నీళ్ళు తగ్గాక అంటుకున్నాయి. ఉప్పు లోపల మిగిలి కరెంటుకు దారి చేస్తుంది. మునిగిన కారును ఇంటికీ మిగతా బళ్ళకూ 15 మీటర్ల దూరంలో ఆరుబయట పెట్టించండి. బుసబుస శబ్దం, పటపటలు, తెల్లటి పొగ, తియ్యటి ద్రావకం వాసన, ఏది కనిపించినా దూరం జరిగి అగ్నిమాపక దళానికి చెప్పండి.

అడుగున రాయి తగిలినా ఇదే జాగ్రత్త. గీత ఫరవాలేదు. సొట్ట పడితే ఫొటోలు తీసి ప్యాక్ పరీక్ష చేయించండి, ఆ కాగితం బీమాకు పంపండి.

## ఆగిపోయిన బండిని తాడు కట్టి లాగించవచ్చా?

లాగకూడదు. మోటారుకు కలిసిన చక్రాలు తిరిగితే మోటారే జనరేటరై ఇన్వర్టర్‌లోకి వోల్టేజీ తోస్తుంది. నాలుగు చక్రాలూ పైకెత్తే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్ళాలి. ఎక్కించడానికి స్క్రీన్‌లో టో మోడ్ (చక్రాలు తిరగనిచ్చే సెట్టింగ్) వెతకండి. చిన్న బ్యాటరీ చచ్చి ఉంటే హ్యాండ్ బ్రేకు వదలదు కాబట్టి ముందు 12 వోల్టులు అందించాలి.

## పాత కారు నుంచి తీసిన భాగం పెడితే పనిచేయడం లేదేం?

ఇన్వర్టర్, ఛార్జర్, బ్యాటరీ కంట్రోలర్ లాంటివి చాలా మోడళ్ళలో ఛాసిస్ నంబరుతో జత కడతాయి. కొత్త బండిలో పెట్టాక కంపెనీ సర్వరుకు కలిపి కోడింగ్ చేయాలి. ఈ దారి అందరు మెకానిక్‌లకూ ఇవ్వకపోవడం మా దృష్టిలో ఎలక్ట్రిక్ కార్ల రిపేరులో అన్నింటికంటే పెద్ద అడ్డంకి, బ్యాటరీ కంటే పెద్దది. భాగం కొనేముందే కోడింగ్ ఎవరు చేస్తారో ఖాయం చేసుకోండి.

చిన్న ఎలక్ట్రానిక్స్ ఎంత పని చేయగలవో టెస్లా చూపించింది. పాత మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ స్క్రీన్ కంప్యూటర్లలో 8 గిగాబైట్ల మెమరీ చిప్ రాతలతో అరిగిపోయి, స్క్రీన్, వెనక కెమెరా పనిచేయక, 2021లో అమెరికాలో దాదాపు 1,35,000 కార్లను రీకాల్ చేయాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టేముందు చిన్న బ్యాటరీ బాగుందో లేదో చూడండి. మధ్యలో 12 వోల్టులు పడిపోతే కంప్యూటర్ సగం రాసిన ప్రోగ్రాంతో మిగులుతుంది.

## నేను చేసుకోగలిగేవి ఏవి, ముట్టుకోకూడనివి ఏవి?

చిన్న బ్యాటరీ, వైపర్లు, క్యాబిన్ ఫిల్టరు, టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ పనులు మీరు గానీ మామూలు మెకానిక్ గానీ చేయవచ్చు. లిఫ్టు ఎక్కించేటప్పుడు మాత్రం జాకీ ప్యాక్ కింద ఆననీయకుండా కంపెనీ చూపించిన చోటే పెట్టాలి.

నారింజ రంగు తీగ ఏది కనిపించినా ఆగిపోవాలి, అది హై వోల్టేజీ తీగ. వాటి పనికి 1,000 వోల్టుల రబ్బరు గ్లవ్స్, 1,000 వోల్టుల క్యాట్ 3 మీటరు, శిక్షణ, పక్కన ఇంకో మనిషి కావాలి. సర్వీస్ ప్లగ్ (ప్యాక్ సర్క్యూట్‌ను తెంచే ప్లగ్గు) తీసినా ప్యాక్ లోపల సెల్లులు బతికే ఉంటాయి.

## సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తే ఏమేం తీసుకెళ్ళాలి?

ఓబీడీ డాంగిల్, మల్టీమీటరు, టార్చి. బండిని 20 శాతం దగ్గర ఉంచమని అమ్మేవారికి ముందే చెప్పండి. నిండు ఛార్జ్‌లో బలహీనమైన సెల్లు కనిపించదు. సెల్లుల తేడా చదవండి, ఫాల్టు కోడ్‌ల చరిత్ర చూడండి. ఉన్నట్టుండి ఏ కోడూ లేకుండా శుభ్రంగా ఉంటే పొద్దునే తుడిచేసి ఉండవచ్చు. ఏసీ ఛార్జర్‌కూ డీసీ ఛార్జర్‌కూ విడివిడిగా తగిలించి పది నిమిషాలైనా ఛార్జ్ చేసి చూడండి. టార్చితో ఛార్జింగ్ పిన్నులు, అడుగు పలక మీది సొట్టలు, బోల్టుల మీద పానా గీతలు చూడండి. గీతలుంటే ప్యాక్ ఒకసారి దిగింది, ఎందుకు దించారో, లీకు పరీక్ష కాగితం ఉందో లేదో అడగండి. హీటరు, ఏసీ రెండూ వేసి పావుగంట నడపండి. ఛాసిస్ నంబరుతో రీకాళ్ళు, బ్యాటరీ వారంటీ కొత్త యజమానికి మారుతుందా అన్నది కంపెనీనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.